రైల్స్ కంట్రోలర్ టెస్టులు: పలాస జీడి లెక్కల యాప్‌లో ఏళ్ల తరబడి వాడాక

పలాస-కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల పిక్కల కొనుగోలు, లాట్లు, గ్రేడింగు, గేట్‌పాసు లెక్కలు రాసే వెబ్ యాప్ ఇది. శ్రీకాకుళంలో ఉండి నడిపిస్తున్నాం. వెబ్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్ రూబీ ఆన్ రైల్స్, డేటాబేస్‌కి పోస్ట్‌గ్రెస్, టెస్టులకు రైల్స్‌తో పాటే వచ్చే మినీటెస్ట్. రైల్స్ 5 నుంచి 8 దాకా అదే టెస్టుల మూటను మోసుకొచ్చాం. కంట్రోలర్ అంటే బ్రౌజర్ పంపిన రిక్వెస్టుని అందుకుని జవాబిచ్చే కోడ్, అందులో ఒక్కో పనికి ఒక్కో ‘యాక్షన్’. ముందే చెప్పేస్తాను: అనుమతి లేనివాణ్ని గుమ్మంలోనే ఆపామా లేదా అని చూడటానికి కంట్రోలర్ టెస్టుని మించింది లేదు. స్క్రీన్ మీద బటన్ పనిచేస్తుందా అన్నదానికి మాత్రం దీన్ని నమ్ముకుంటే మునుగుతారు.

2016లో రైల్స్ 5 వచ్చినప్పుడు కంట్రోలర్ లోపలి వేరియబుల్స్‌ని చూసే ‘అసైన్స్’, ఏ టెంప్లేట్ వాడిందో చూసే ‘అసర్ట్ టెంప్లేట్’ రెండింటినీ తీసి వేరే జెమ్‌లో (రూబీ లైబ్రరీలో) పెట్టారు. చాలామంది ఆ జెమ్ తగిలించుకుని పాత పద్ధతే లాగారు. మేమూ అంతే, అది తప్పు. పాత పద్ధతి యాక్షన్‌ని నేరుగా పిలుస్తుంది, మిడిల్‌వేర్ (కంట్రోలర్‌ని చేరేముందు రిక్వెస్టు దాటే పొరలు) జోలికి పోదు. లోపలి వేరియబుల్ పేరు మారిస్తే చాలు, యాప్ భేషుగ్గా నడుస్తున్నా టెస్టు ఎర్రబడుతుంది (ఫెయిలవుతుంది). దాని బదులు రాయాల్సిన ఇంటిగ్రేషన్ టెస్టులు బ్రౌజర్ పంపినట్టే రిక్వెస్ట్ పంపి, బయటికి ఏం వచ్చిందో చూస్తాయి. కాస్త నెమ్మది అంటారు గానీ మా పనిలో ఆ తేడా ఎప్పుడూ అడ్డం కాలేదు. లాగిన్‌కి డివైస్ (Devise) అనే జెమ్ వాడుతుంటే హెల్పర్ కూడా మార్చాలి: కంట్రోలర్ హెల్పర్స్ తీసేసి ఇంటిగ్రేషన్ హెల్పర్స్ పెట్టాలి.

లాటు నమోదు చేసే ‘క్రియేట్’ యాక్షన్‌కి కనీసం నాలుగు టెస్టులు. మొదటిది, 80 కేజీల బస్తాలు 50 పంపితే ‘అసర్ట్ డిఫరెన్స్’తో లాట్ల సంఖ్య ఒకటి పెరగాలి, రీడైరెక్ట్ రావాలి, సేవ్ అయిన బరువు 4,000 కేజీలు ఉండాలి. ఈ చివరి ముక్క చాలామంది వదిలేస్తారు. రికార్డు పడితే చాలనుకుంటారు గానీ, తప్పు అంకెతో పడినా సంఖ్య ఒకటి పెరుగుతుంది కదా! మన గుమస్తాలు సొమ్ము 1,20,000 అని కామాలతో కొడతారు. కంట్రోలర్‌లో ‘టు ఐ’ (to_i) అని నేరుగా అంకెగా మార్చేస్తే రూబీ మొదటి కామా దగ్గరే ఆగి 1 అని తీసుకుంటుంది. లక్షా ఇరవై వేలు కాస్తా ఒక్క రూపాయి. మోడల్‌లో న్యూమరికాలిటీ వాలిడేషన్ (వచ్చింది అంకేనా అని చూసే తనిఖీ) ఉన్నా, అప్పటికే 1గా మారిపోయిన అంకెను అది పట్టుకోలేదు. అందుకే రెండో టెస్టు కామాలున్న అంకెతో.

మూడోది, సున్నా బస్తాలు పంపితే లాటు పడకూడదు, స్టేటస్ 422 (పంపినదాంట్లో తప్పుంది) రావాలి. ఇక్కడే టర్బో (పేజీ మొత్తం మళ్లీ లోడు చేయకుండా ఫారాలు పంపే రైల్స్ జావాస్క్రిప్ట్ లైబ్రరీ) దెబ్బ కొడుతుంది. ఫారంలో తప్పుంటే పాత కంట్రోలర్లు ఫారాన్ని 200 (అంతా బాగుంది) స్టేటస్‌తో మళ్లీ చూపించేవి. టర్బోకి 200 వస్తే ఆ జవాబును పేజీలో చూపించదు. గుమస్తా బటన్ నొక్కుతూనే ఉంటాడు, స్క్రీన్ ఉలకదు పలకదు. టెస్టులో ‘సక్సెస్’ అని రాసి ఉంటుంది కాబట్టి అది పచ్చగానే ఉంటుంది. స్టేటస్‌ని పేరుతో కాకుండా 422 అని అంకెతోనే రాయండి, రైల్స్ కింద నడిచే ర్యాక్ లైబ్రరీ 3.1లో ఆ స్టేటస్ పేరు మారింది, అంకె మారలేదు. డిలీట్ తర్వాత రీడైరెక్ట్ 303 ఉండాలి, లేదంటే బ్రౌజర్ ఆ కొత్త చిరునామాకీ డిలీట్ రిక్వెస్టే పంపే ప్రమాదముంది. ‘అసర్ట్ రీడైరెక్టెడ్ టు’ 302 అయినా 303 అయినా ఒప్పేసుకుంటుంది, స్టేటస్‌ని విడిగా అడగాలి.

నాలుగోది అన్నిటికన్నా విలువైనది. ఒక ఫ్యాక్టరీ గుమస్తాగా లాగిన్ అయి, ఇంకో ఫ్యాక్టరీ ఐడీని ఫారంలో దొంగతనంగా జొప్పించి పంపాలి. లాటు ఆ ఫ్యాక్టరీ పేరు మీద పడకూడదు. ఇలాంటిదే ‘షో’, ‘అప్‌డేట్’, ‘డిస్ట్రాయ్’కీ రాయాలి: పక్క ఫ్యాక్టరీ లాటు నంబరు అడ్రస్‌లో పెడితే 404 (దొరకలేదు) రావాలి. అన్ని ఫ్యాక్టరీల లాట్లలోనూ వెతికే ‘లాట్ డాట్ ఫైండ్’ (Lot.find) అని రాసిన కంట్రోలర్లన్నీ ఇక్కడ దొరికిపోతాయి. వెతుకులాట లాగిన్ అయిన ఫ్యాక్టరీ లాట్లలోంచే మొదలవ్వాలి. పిక్కల కొనుగోలు ధర పక్క ఫ్యాక్టరీవాడికి తెలిస్తే పలాసలో ఏమవుతుందో వేరే చెప్పాలా? ఒక జాగ్రత్త: రైల్స్ 7.1కి ముందు కొత్త యాప్‌ల టెస్టు సెట్టింగుల్లో ఇది 404గా కాక నేరుగా ఎక్సెప్షన్‌గా పైకి వచ్చేది. ‘షో ఎక్సెప్షన్స్’ని ‘రెస్క్యూయబుల్’ చేశాక ఎక్సెప్షన్ రావాలని అడిగే పాత ‘అసర్ట్ రైజెస్’ టెస్టులు వరసగా ఎర్రబడతాయి. యాప్ చెడలేదు, టెస్టులే మార్చాలి.

సీఎస్ఆర్ఎఫ్ రక్షణ (వేరే సైటు మన యూజరు పేరుతో ఫారం పంపకుండా టోకెన్‌తో ఆపేది) టెస్టుల్లో మామూలుగా ఆపేసి ఉంటుంది. హెల్పర్ వాడకుండా చేత్తో రాసిన ఫారంలో టోకెన్ మరిచిపోతే టెస్టులో సాఫీగా పోతుంది, అసలు సర్వర్లో 422. అలాంటి ఫారాలను ముందు హెల్పర్‌లోకి మార్చండి, అది తేలిక.

తెలుగు ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా రెండు తలనొప్పులు. ఒకటి, అక్షరాలు కలిసిపోకుండా మధ్యలో పెట్టే, కంటికి కనపడని గుర్తు జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘గేట్‌పాస్‌లో’ అన్న మాట లొకేల్ (అనువాదాల) ఫైలులో ఒకలా, టెస్టులో ఇంకోలా టైపయితే రెండూ ఒకేలా కనిపిస్తాయి, పోలిక మాత్రం కుదరదు. టెస్టులో తెలుగు వాక్యం రాయకుండా అనువాదపు కీనే పిలవండి. అనువాదం లేకపోతే ఎర్రర్ ఇచ్చే సెట్టింగ్‌ని టెస్టు వాతావరణంలో పెట్టండి. రెండోది, పేరుని వెబ్ అడ్రస్‌కి సరిపడేలా మార్చే ‘పారామిటరైజ్’. తెలుగు పేరుని దానికిస్తే ఖాళీ మిగులుతుంది. ఫ్యాక్టరీ పేరుతో అడ్రస్ కట్టే యాక్షన్లకి ఒక్క ఫిక్స్చర్ (టెస్టుల నమూనా రికార్డు) అయినా తెలుగు పేరుతో ఉండాలి.

తేదీల గోల వేరు. అర్ధరాత్రి నుంచి తెల్లవారి ఐదున్నర దాకా మన తేదీకీ, యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడిచే సర్వర్ తేదీకీ ఒక రోజు తేడా. ‘డేట్ టుడే’ వాడిన చోట తెల్లవారి నాలుగింటికి దిగిన లోడు నిన్నటి లెక్కలో పడుతుంది. రైల్స్ టైమ్‌జోన్‌ని మన సమయానికి పెట్టి ‘డేట్ కరెంట్’ వాడాలి. ‘ట్రావెల్ టు’తో తెల్లవారుజాముకి వెళ్లి పరీక్షించవచ్చు గానీ, శ్రీకాకుళంలోని ల్యాప్‌టాప్ మన టైముతోనే ఉంటుంది కాబట్టి తప్పు అక్కడ బయటపడదు. సిస్టమ్ టైమ్‌జోన్ చెప్పే టీజెడ్ (TZ) వేరియబుల్‌ని యూటీసీ చేసి నడిపితేనే దొరుకుతుంది.

ఫిక్స్చర్లు వేగంగానే లోడవుతాయి, కాకపోతే వాలిడేషన్లు దాటుకుని నేరుగా టేబుల్లో పడతాయి. వాటి ఐడీలు పేరు నుంచి లెక్కగట్టినవి, అందుకే ‘ఫస్ట్’ అంటే ఫైల్లో మొదటిది వస్తుందనుకోవద్దు. రైల్స్ 6 నుంచి టెస్టులను సమాంతరంగా నడపొచ్చు, ఒక్కో ప్రాసెస్‌కి వేరే డేటాబేస్ ఇస్తుంది. ఫైళ్లకు మాత్రం ఆ వేర్పాటు లేదు. గ్రేడింగు రిపోర్టుని ఒకే పేరుతో టెంప్ ఫోల్డర్‌లో రాసే యాక్షన్ ఉంటే టెస్టులు ఒకదాని ఫైలు ఒకటి చెరిపేసుకుంటాయి. ఒకసారి పచ్చగా, ఒకసారి ఎర్రగా వస్తే మొదట్లో అచ్చయిన సీడ్ నంబరు (టెస్టుల క్రమాన్ని నిర్ణయించేది) రాసుకుని అదే నంబరుతో మళ్లీ నడపండి. క్రమం వల్ల వచ్చిన తప్పయితే మళ్లీ వస్తుంది. అలా రాకపోతే ముందు ఆ టెంప్ ఫోల్డరే చూడండి.

డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 జీడిపప్పు గ్రేడులు ఎంచుకోగానే బరువుల మొత్తం మారే స్క్రీన్‌కి ఈ కంట్రోలర్ టెస్టులు పనికిరావు, జావాస్క్రిప్ట్ నడవదు కనుక. దానికీ లాగిన్‌కీ గేట్‌పాస్ ముద్రణకీ కలిపి మూడు సిస్టమ్ టెస్టులు (నిజం బ్రౌజర్‌లో నడిచేవి) ఉంచాం.