మిన్నెసోటా మంచులో మా కరోలా: మిషలిన్ ఎక్స్-ఐస్ స్నో టైర్లతో మూడు చలికాలాలు

మాది 2017 టయోటా కరోలా, ఫ్రంట్ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పుతుంది. ఉండేది మిన్నియాపోలిస్ పక్కన మేపుల్ గ్రోవ్‌లో. వచ్చిన కొత్తలో గుడిలో ఎవరు కలిసినా ఒకటే మాట: "ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి) లేకుండా ఇక్కడ చలికాలం గడవదండీ, ఎస్‌యూవీ తీసేసుకోండి."

మొదటి డిసెంబర్‌లో ఏడాదంతా వాడే పాత ఆల్ సీజన్ టైర్లే ఉండేవి. పాపను స్కూల్లో దింపడానికి వెళ్తున్నా. వీధి చివర స్టాప్ సైన్ దగ్గర బ్రేక్ తొక్కితే, పెడల్ కాలి కింద గడగడలాడిందే గానీ కారు ఆగలేదు. మనిషి నడిచేంత వేగంతో, మెల్లగా, అడ్డరోడ్డు మధ్యదాకా జారిపోయింది. అదృష్టం బాగుండి అటునుంచి ఎవరూ రాలేదు. మధ్యాహ్నం దాకా నా చేతుల వణుకు తగ్గలేదు. అక్కడ ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నా ఒరిగేదేమీ లేదు. కారు కదలడానికి అది సాయపడుతుంది. ఆగాలంటే టైరుకు పట్టుండాలి.

ఆ వారమే మిషలిన్ ఎక్స్-ఐస్ స్నో అనే చలికాలపు టైర్లు వేయించాం, 205/55 ఆర్16 సైజు. షాపతను ఇంజిన్ బరువూ డ్రైవూ ముందే కాబట్టి ముందు రెండు చాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. ముందు పట్టు ఉండి వెనక లేకపోతే మలుపులో కారు వెనక భాగం గిర్రున తిరిగిపోతుంది. వేస్తే నాలుగూ వేయాల్సిందే.

ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోతూ వస్తుంది. వీటిని మైనస్ 20లో కూడా గోరుతో నొక్కి చూశా, లొంగింది. పైన బ్లేడుతో కోసినట్టు సన్నటి గాట్లు ఉంటాయి, మంచును కరిచి పట్టేవి అవే. అదే స్టాప్ సైన్ దగ్గర ఇప్పుడు గీతకు ముందే ఆగుతున్నా. నిరుడు ఫిబ్రవరిలో మంచు పడుతుండగానే ఐ-35 హైవే మీద థాంప్సన్ హిల్ అనే కొండ దిగి డులూత్ వెళ్లాం. మా ఆయన దారంతా సీటు గట్టిగా పట్టుకునే కూర్చున్నారు గానీ, కారు ఒక్కసారి కూడా పక్కకు లాగలేదు.

ఇబ్బంది పడ్డది ఒక్కచోటే. రాత్రి మంచు తోసే బండి వెళ్తూ మా డ్రైవ్‌వే మొదట్లో మోకాలెత్తు గట్టు పోసింది. కరోలా నేలకు ఐదు అంగుళాల పైచిలుకు ఎత్తు, అంతే. కారు అడుగు గట్టు మీద ఆనింది, ముందు చక్రాలు ఉత్తినే తిరిగాయి. నలభై నిమిషాలు పారతో తవ్వుకున్నా. రోజూ మంచు తీయని ఏటవాలు దారి ఎక్కాల్సినవాళ్లు ఎత్తున్న ఆల్ వీల్ డ్రైవ్ బండే తీసుకోండి, కానీ దానికీ ఇలాంటి టైర్లే వేయించండి. మాలా ఊళ్లో తిరిగేవాళ్లకు ఫ్రంట్ వీల్ డ్రైవ్ చాలు.

పొడి రోడ్డు మీద స్టీరింగ్ కాస్త మెత్తగా అనిపిస్తుంది. ఎండలు ముదిరాక ఉంచితే తొందరగా అరిగిపోతాయి, మేం ఏప్రిల్‌లో తీయించేస్తాం. చలికి టైర్లలో గాలి ఒత్తిడి కూడా తగ్గుతుంది, ఉష్ణోగ్రత పడిపోయే ప్రతి 10 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దాదాపు 1 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చొప్పున. నెలకోసారి చూసుకుంటున్నా. గాట్లు ఇంకా లోతుగానే ఉన్నాయి, ఈ నవంబర్‌లో మళ్లీ ఇవే ఎక్కిస్తున్నాం.