పాత త్రాషర్, ట్రాన్స్‌వరల్డ్ సంచికలు: కొంటే యాడ్ల కోసమే కొనండి

1980ల నాటి స్కేట్‌బోర్డింగ్ పత్రికలు సెకండ్‌హ్యాండ్‌లో కొనాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట. వ్యాసాల కోసం కొనకండి, యాడ్ల కోసం కొనండి. నా దగ్గరున్న కట్టలో త్రాషర్, ట్రాన్స్‌వరల్డ్ స్కేట్‌బోర్డింగ్ రెండూ ఉన్నాయి. ఎక్కువ భాగం 1984 నుంచి 1989 మధ్యవి, కొన్ని 1990ల మొదట్లోవి. శాన్‌హోజేలో మా ఇంటి దగ్గర ఒక గరాజ్ సేల్‌లో కొన్ని దొరికాయి, మిగతావి ఆన్‌లైన్‌లో విడివిడిగా కొన్నాను. పోటీల రిపోర్టులు, ఇంటర్వ్యూలు ఒకసారి చదివితే అయిపోతాయి. యాడ్లు అలా కాదు. ఇప్పటికీ వాటి కోసమే ఈ కట్ట విప్పుతున్నాను.

వీటి మీద నాకు ఇంత ఇష్టం ఎందుకో చెప్పాలి. మా నాన్నకి విజయవాడలో ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు వేసేవాళ్లు. బ్రోమైడ్లు (అక్షరాలు దిగిన ఫొటో కాగితాలు) కత్తిరించి, గమ్ము రాసి, స్కేలు పెట్టి పేస్టింగ్ చేసే టేబుల్ పక్కనే నా హోంవర్కు సాగేది. అందుకే ఏ పత్రిక చేతికొచ్చినా, చదివే ముందు వెలుతురులోకి పెట్టి సిరా ఎలా పడిందో చూస్తాను. స్కేటర్ల పేర్లు నాకు తెలిసింది మాత్రం ఇంజనీరింగ్ హాస్టల్లో. ఒక రూమ్మేట్ కంప్యూటర్‌లో టోనీ హాక్స్ ప్రో స్కేటర్ 2 అనే వీడియోగేమ్ ఉండేది. హాక్, కబాలెరో, రాడ్నీ ముల్లెన్, ఎలిసా స్టీమర్ మాకు ఆటలో బొమ్మలుగానే పరిచయం. ఆ బొమ్మల వెనకున్న మనుషుల్లో హాక్, ముల్లెన్ లాంటివాళ్లను వాళ్ల పదహారేళ్ల, పద్దెనిమిదేళ్ల మొహాలతో నేను చూసింది ఈ పత్రికల్లోనే.

ముందు ఈ పత్రికల పుట్టుక తెలియాలి, లేకపోతే యాడ్లు అర్థం కావు. 1970ల్లో ఈ ఆటకు పెద్ద పత్రిక స్కేట్‌బోర్డర్. దశాబ్దం చివరికి వచ్చేసరికి ఇన్సూరెన్స్ భారం మోయలేక స్కేట్‌పార్కులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. స్కేట్‌బోర్డర్ 1980లో పేరు మార్చుకుని యాక్షన్ నౌ అయింది, 1982లో ఆగిపోయింది. ఆ ఖాళీలోకి 1981 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి త్రాషర్ వచ్చింది. దాని వెనక ఉన్న ఫాస్టో విటెల్లో, ఎరిక్ స్వెన్సన్ ఇండిపెండెంట్ ట్రక్కుల కంపెనీ మనుషులు. ట్రక్కు అంటే బోర్డు కింద చక్రాలను పట్టి ఉంచే ఇరుసు. రెండేళ్లకు, 1983లో, దక్షిణ కాలిఫోర్నియాలో ట్రాన్స్‌వరల్డ్ మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన లారీ బాల్మాది ట్రాకర్ ట్రక్కుల కంపెనీ. అంటే రెండు పత్రికలూ పోటీ పడే ఇరుసుల కంపెనీల ఇళ్లలో పుట్టినవే. త్రాషర్ వాళ్లు 'స్కేట్ అండ్ డిస్ట్రాయ్' అన్నారు, ట్రాన్స్‌వరల్డ్ వాళ్లు 'స్కేట్ అండ్ క్రియేట్' అని జవాబిచ్చారు.

ఇది తెలిశాక కొందరు "అయితే పత్రిక మొత్తం ఒక యాడే కదా" అంటారు. నేను ఒప్పుకోను. పార్కులు మూతపడ్డాక ఆ ఆట పిల్లల పెరళ్లలోకి, చెక్కతో కట్టుకున్న ర్యాంపుల మీదకి వెళ్లిపోయింది. టీవీలో కనపడదు, ఊళ్లో షాపు ఉండదు. నెలకోసారి పోస్టులో వచ్చే ఈ పేజీలే వాళ్లకు దిక్కు. సరుకు అమ్ముకోవడానికే పెట్టి ఉండొచ్చు, కానీ ఒక ఆట చచ్చిపోకుండా కాపాడిన పత్రికలివి.

ఇక ముద్రణ. మొదటి ఏళ్ల త్రాషర్ న్యూస్‌ప్రింట్. కాగితం ఇప్పుడు పసుపు తిరిగి, మడతల దగ్గర పెళుసుగా ఉంది. నలుపు సరిగా పట్టని చోట స్కేటర్ మొహం చుక్కల్లో కలిసిపోతుంది. అయినా ఆ గరుకు కాగితం మీద ఖాళీ స్విమ్మింగ్ పూల్ ఫొటోకి ఒక బలం ఉంది. ట్రాన్స్‌వరల్డ్ ఆర్ట్ పేపరు, రంగులు శుభ్రంగా ఉంటాయి. జె. గ్రాంట్ బ్రిటెన్ ఫొటోలు చూడాలంటే అదే మేలు. యాడ్లకు కూడా ట్రాన్స్‌వరల్డే నయం అంటాను, బోర్డుల కింది బొమ్మల రంగులు అందులోనే సరిగా కనిపిస్తాయి కాబట్టి.

నా కట్టలో అన్నిటికంటే విలువైనవి పవెల్ పెరాల్టా యాడ్లు. ఇంజనీరు జార్జ్ పవెల్, 70ల్లో పేరున్న స్కేటర్ స్టేసీ పెరాల్టా కలిసి 1978లో పెట్టిన కంపెనీ. పెరాల్టా అప్పటికే పేరున్నవాళ్లను కొనుక్కోలేదు. ఎవరికీ తెలియని పిల్లల్ని ఏరుకుని బోన్స్ బ్రిగేడ్ అనే జట్టు కట్టాడు. స్టీవ్ కబాలెరో, మైక్ మెక్‌గిల్, టోనీ హాక్, లాన్స్ మౌంటెన్, రాడ్నీ ముల్లెన్, టామీ గెరెరో. యాడ్ల పని పెరాల్టాతో కలిసి చేసినవాడు క్రెయిగ్ స్టీసిక్. 70ల్లో స్కేట్‌బోర్డర్ పత్రికలో డాగ్‌టౌన్ (కాలిఫోర్నియాలో శాంటామోనికా, వెనిస్ తీరం) కుర్రాళ్ల గురించి రాసి, ఫొటోలు తీసి వాళ్లను లోకానికి చూపించింది ఆయనే. జట్టుకు ఆ పేరు పెట్టింది కూడా ఆయనే.

ఆ యాడ్లలో చాలావాటిలో స్కేటింగ్ ఉండదు. కుర్రాళ్లు ఏదో వింత వేషంలోనో, సంబంధం లేని చోటో నిలబడి ఉంటారు. మూల చిన్నగా కంపెనీ పేరు. ధర లేదు, "ఇప్పుడే కొనండి" లేదు. మా ప్రెస్సుకి కరపత్రం వేయించడానికి వచ్చిన ఏ వ్యాపారీ తన సరుకు పేరు చిన్నగా వేయమని అడగలేదు. "అక్షరం ఇంకొంచెం పెద్దది చెయ్యండి" అనేదే ఎప్పుడూ వినే మాట. అందుకే ఈ పేజీలు చూసినప్పుడు ఆ ధైర్యానికి నిజంగా ఆశ్చర్యపోతాను. చూసే పిల్లవాడికి తెలివి ఉందని నమ్మి చేసిన పని అది. అర్థం కాకపోతే మళ్లీ చూస్తాడు, స్నేహితుడికి చూపిస్తాడు, పేజీ చింపి గోడకి అతికించుకుంటాడు.

అదే సంచికలో నాలుగు పేజీలు వెనక్కి వెళితే దీనికి పూర్తిగా ఎదురు. స్కేట్స్ ఆన్ హేట్, కాలిఫోర్నియా చీప్ స్కేట్స్ లాంటి మెయిల్ ఆర్డర్ షాపుల పేజీలవి. అర అంగుళం కూడా ఖాళీ ఉండదు. బోర్డులు, చక్రాలు, రెయిళ్లు (బోర్డు అడుగున బిగించే ప్లాస్టిక్ పట్టీలు), కోపర్లు (ట్రక్కుకి తొడిగే ప్లాస్టిక్ తొడుగులు), టీషర్టులు తపాలా బిళ్లంత బొమ్మల్లో, పక్కన ధరలు, కింద కత్తిరించి పంపే కూపన్. కన్సాస్‌లోనో నెబ్రాస్కాలోనో ఉండే కుర్రాడు ఈ పేజీ మీద ఎన్ని గంటలు గడిపి ఉంటాడో! నాకొచ్చిన ఒక సంచికలో ఎవరో పెన్సిల్‌తో ట్రక్కులకు, చక్రాలకు సున్నాలు చుట్టి, మార్జిన్‌లో కూడికలు వేశారు. షిప్పింగ్ కలిపి మళ్లీ కొట్టేసి, చవక చక్రాలకు మారారు. ఆ ఒక్క పేజీ కోసం ఇచ్చిన డబ్బు నాకు గిట్టినట్టే.

బొమ్మల విషయానికి వస్తే ఇద్దరు మనుషులు కనపడతారు. పవెల్ పెరాల్టాకి వెర్నన్ కోర్ట్‌లాండ్ జాన్సన్. కబాలెరో డ్రాగన్, హాక్ పుర్రె, మెక్‌గిల్ పుర్రె చుట్టుకున్న పాము ఆయన గీసినవే. శాంటాక్రూజ్ అనే ఇంకో బోర్డుల కంపెనీకి జిమ్ ఫిలిప్స్. అరచేతిలో నోరు తెరిచి అరుస్తున్న నీలం చెయ్యి 1985లో ఆయన గీసింది. స్కేట్‌బోర్డ్ ఎక్కనివాళ్లు కూడా ఎక్కడో ఒకచోట టీషర్టు మీద చూసే ఉంటారు. నాకు ఇంకా ఇష్టం శాంటాక్రూజ్ స్కేటర్ రాబ్ రోస్కాప్ పేరుతో వచ్చిన బోర్డుల వరస. మొదటి బోర్డు మీద గుండ్రటి టార్గెట్ చీల్చుకుని ఒక చెయ్యి మాత్రం బయటికొస్తుంది. తర్వాతి బోర్డులో ఇంకొంచెం, ఆపైదానిలో ఇంకొంచెం, చివరికి రాక్షసుడు మొత్తం బయటపడతాడు. యాడ్లు వరసగా చూసుకుంటూ పోతే మన వారపత్రికల సీరియల్ చదివినట్టే ఉంటుంది, వచ్చే సంచికలో ఏం బయటికొస్తుందోనని. రోస్కాప్ తర్వాత శాంటాక్రూజ్ సైకిళ్ల కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు.

ఇవన్నీ సిరాతో చేత్తో గీసి, రంగుకొక ఫిల్మ్ విడదీసి, స్క్రీన్ ప్రింట్ చేసినవి. రంగు రంగుని సరిగ్గా ఎక్కడ ఆనుకోవాలో ముందే ఆలోచించి గీసిన గీతలు. ఈ పని కష్టం తెలిసినవాడిగా చెబుతున్నా, ఇప్పుడొచ్చే బోర్డుల మీద ఇంత శ్రద్ధ నాకు అరుదుగా కనపడుతుంది.

ఇప్పుడు మనుషుల గురించి. ఈ భాగం చదవడం అంత తేలిక కాదు, యాడ్లోని కుర్రాడికి ముందేం జరగబోతోందో మనకి తెలుసు కాబట్టి. టోనీ హాక్ పేజీ చూస్తుంటే సంతోషంగా ఉంటుంది. పద్నాలుగేళ్లకే ప్రో అయిన బక్కపలచని కుర్రాడు 1999 జూన్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎక్స్ గేమ్స్ పోటీల్లో, 900 వేశాడు. గాలిలో రెండున్నర చుట్లు. క్రిస్టియన్ హొసోయ్ యాడ్లు వేరే రకం. జుట్టు, మెరిసే బట్టలు, సుత్తితల సొరచేప ఆకారంలో హామర్‌హెడ్ బోర్డు. హాక్ లెక్కగా ఆడితే ఇతను ఎత్తుగా, అందంగా ఎగిరేవాడు. డ్రగ్స్‌లో పడి, 2000లో హొనొలులు విమానాశ్రయంలో పట్టుబడి జైలుకి వెళ్లాడు. బయటికొచ్చాక పాస్టరయ్యాడు, మళ్లీ బోర్డెక్కాడు.

విజన్ కంపెనీ యాడ్లలో నవ్వుతూ కనిపించే 'గేటర్' మార్క్ రొగోవ్‌స్కీ కథకి అలాంటి మలుపు లేదు. 1991లో ఒక యువతిని హత్య చేసి, నేరం ఒప్పుకుని జైలుకి వెళ్లాడు. ఆ దశాబ్దపు సంచిక ఏది కొన్నా అతని పేజీ తగులుతూనే ఉంటుంది. నేను అతని యాడ్లు చింపేయలేదు. కానీ పాత రోజులు ఎంత బాగుండేవో అని మురిసిపోయేవాళ్లు ఆ పేజీని చూడనట్టు తిప్పేయడం నాకు నచ్చదు. చనిపోయిన అమ్మాయి ఏ యాడ్‌లోనూ లేదు.

అమ్మాయిల మాట వచ్చింది కాబట్టి, ఈ కట్టలో నాకు పెద్ద లోటు అదే. మా అమ్మాయి ఫ్రీమాంట్ స్కేట్‌పార్కులో నేర్చుకుంటోంది. పేజీలు తిప్పి తిప్పి, "నాన్నా, బోర్డు మీద ఒక్క అమ్మాయిని చూపించు" అంది. ఈ కట్ట దాటి వెతకాల్సి వచ్చింది. 1965 మేలో లైఫ్ పత్రిక ముఖచిత్రం మీద ప్యాటీ మెగీ బోర్డుపై తలకిందులుగా చేతుల మీద నిలబడి ఉంది. 70ల్లో ఆ డాగ్‌టౌన్ వాళ్ల జెఫిర్ జట్టులో పెగ్గీ ఓకీ ఉంది. వాళ్ల తర్వాత 80ల యాడ్లలో అమ్మాయి ఉంటే ఎక్కువగా పక్కన నిలబడడానికే. కారా-బెత్ బర్న్‌సైడ్ 1989లో త్రాషర్ ముఖచిత్రం మీదకి వచ్చింది. ఆమె పేరుతో వ్యాన్స్ బూటు రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. ఆ త్రాషర్ సంచిక మా అమ్మాయి కోసం ఇంకా వెతుకుతున్నాను.

1990ల మొదటి సంచికల గురించి క్లుప్తంగా. స్టీవ్ రాకో అనే స్కేటర్ 1987లో వరల్డ్ ఇండస్ట్రీస్ అనే బోర్డుల కంపెనీ మొదలుపెట్టి పెద్ద కంపెనీలను పేరుపెట్టి ఎగతాళి చేసే యాడ్లు వేశాడు. ముల్లెన్ కూడా పవెల్ పెరాల్టా వదిలి అటే వెళ్లాడు. కాబట్టి ఒకే మనిషి రెండు శిబిరాల యాడ్లలోనూ కనపడతాడు. రాకో యాడ్లు వేయనని ట్రాన్స్‌వరల్డ్ అనేసరికి అతను 1992లో బిగ్ బ్రదర్ అని సొంత పత్రికే పెట్టాడు. స్కేటర్లే కంపెనీలు నడపాలన్న పట్టుదల అతని దగ్గర నాకు నచ్చుతుంది. యాడ్లలోని అసభ్యత నచ్చదు, బిగ్ బ్రదర్‌ని పిల్లలున్న ఇంట్లోకి తేవద్దు కూడా. ఈ ఏళ్లలో బోర్డు సన్నబడింది, చక్రాలు చిన్నవయ్యాయి, ప్యాంట్లు వదులయ్యాయి, చేతిగీత తగ్గింది.

కొనేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. మొదటిసారైతే 1985 నుంచి 1988 మధ్య ట్రాన్స్‌వరల్డ్ తీసుకోండి. మామూలు సంచిక నాకు 20 డాలర్ల లోపే దొరికింది, పేరున్న ముఖచిత్రం ఉంటే ధర రెండింతలూ మూడింతలూ చెబుతారు. ముఖచిత్రానికి అంత ఇవ్వనక్కర్లేదు, లోపలి యాడ్లు అవే. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు "అన్ని పేజీలూ ఉన్నాయి" అని రాసి పంపిన సంచికలో పవెల్ పెరాల్టా ఫుల్ పేజీలు బ్లేడుతో కోసేసి ఉన్నాయి. వాటిని విడిగా ఫ్రేము కట్టి అమ్ముకుంటారు. కోసిన పేజీ వెనక వైపున్న యాడూ దాంతోపాటే పోతుంది. అందుకని డబ్బు పంపే ముందు అట్టల లోపలి వైపులు, వెనక అట్ట, పిన్నుల దగ్గరి నడిమి పేజీ, మెయిల్ ఆర్డర్ కూపన్ పేజీ ఫొటోలు అడగండి. ఇవ్వనంటే వదిలేయండి, ఇంకొకళ్ల దగ్గర దొరుకుతుంది. న్యూస్‌ప్రింట్ త్రాషర్లను ప్లాస్టిక్ కవర్లో పెట్టేటప్పుడు వెనక ఆసిడ్ లేని అట్ట పెట్టండి, ఎండ తగలనివ్వకండి. కూపన్ కత్తిరించి ఉంటే మాత్రం ధర తగ్గించమని అడగండి కానీ వద్దనుకోకండి. ఎవరో కుర్రాడికి ఆ బోర్డు చేరి ఉంటుంది.