పదకొండు వేలకు దీపాలు, పదిహేను వందలకు అమావాస్య

నక్షత్ర వీక్షణం పేరుతో మా దగ్గర 11,310 రూపాయలు వసూలు చేసిన ఆ టెంట్ల విడిది పేరు ఇక్కడ రాయడం లేదు. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో, నల్లమల మొదలయ్యే మన్ననూరుకు కొంచెం ఇవతల ఉందని మాత్రం చెబుతాను. ఒక్కదాని పేరు తెలుసుకుని మిగిలినవాటిని నమ్మేయడం కన్నా, డబ్బు కట్టే ముందు ఏమేమి అడగాలో తెలిసి ఉండడం ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

2025 ఉగాది మార్చి 30న వచ్చింది. అంతకు ముందరి అమావాస్య శనివారం నాడు పడింది కనుక, చంద్రుడు లేని ఆకాశాన్ని ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి చూపించాలని శుక్రవారం మధ్యాహ్నమే బయలుదేరాము. నేను, నా భార్య, అబ్బాయి కాక, కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నుంచి సెలవులకు వచ్చిన మా బావమరిది కూడా ఉన్నాడు. ఆ శనివారమే శని మీనంలో ప్రవేశిస్తాడనీ, ఆరు గ్రహాలు ఒకే రాశిలో కూడుతున్నాయనీ, పైగా సూర్యగ్రహణమనీ టీవీ ఛానళ్ళు వారం రోజులుగా ఊదరగొట్టడంతో మా అత్తగారు ప్రయాణం మానుకోమని రెండుసార్లు ఫోన్ చేశారు. ఆ గ్రహణం మన దేశంలో కనిపించేది కాదు. ఆ కూటమిలోనివన్నీ సూర్యుడి చెంతనే ఉండడం వల్ల రాత్రి ఆకాశంలో ఒక్కటీ కనబడదు. ఈ సంగతి మా అబ్బాయి అమ్మమ్మకు ఎంతో ఓపికగా వివరించినా, ఆమె చివరికి నిమ్మకాయ కట్టించే పంపించారు.

హైదరాబాదు నుంచి అచ్చంపేట మీదుగా నాలుగు గంటల ప్రయాణంలో చెప్పుకోదగినది ఏమీ లేదు.

విడిదిలో మొదట కంటపడినవి రెండు ఫ్లడ్ లైట్లు. పొలం మధ్య ఇనుప స్తంభాల మీద నిలబెట్టిన ఆ దీపాల కింద, చెట్ల కొమ్మలకు పెళ్ళిపందిరి లాగా రంగురంగుల సీరియల్ బల్బులు చుట్టారు. నక్షత్రాలు చూసే వేళకు ఆర్పుతారు కదా అని అడిగితే, మేనేజరు నా వైపు జాలిగా చూసి, "ఫ్యామిలీస్ ఉంటారు సార్, పాములుంటాయి, లైట్లు తీసేయలేం" అన్నాడు. పాముల మాట నిజమే కావచ్చు. అయితే మనిషికి 500 చొప్పున నలుగురికి 2,000 రూపాయలు విడిగా తీసుకున్నది దేనికో అప్పుడే అర్థం కాకుండా పోయింది. రెండు టెంట్లకు 8,400, చలిమంటకు 750, నాలుగు నీళ్ళ సీసాలకు 160. మార్చి నెలాఖరులో నల్లమల అంచున చలిమంట ఎవరికి కావాలి? మేము అడగలేదు, వద్దన్నాము కూడా. అది ప్యాకేజీలో భాగమన్నారు.

తొమ్మిది గంటలకు టెలిస్కోపు తెచ్చారు. సన్నని మూడు కాళ్ళ మీద వణుకుతున్న ఆ గొట్టంలోకి మేనేజరు కాసేపు ఒంటికన్నుతో చూసి, మా అబ్బాయిని పిలిచి, అదిగో కుజుడు అన్నాడు. వాడు చూసి, ఏమీ మాట్లాడకుండా నన్ను పిలిచాడు. గుండ్రటి వెలుగులో ఒక ఎర్ర చుక్క రెండు సెకన్లకు ఒకసారి రెప్ప వేస్తోంది. అది సెల్ టవర్ మీది దీపం. అసలు కుజుడు ఆ సమయానికి మిథున రాశిలో, నడినెత్తికి కొంచెం పడమరగా, ఫ్లడ్ లైటు కాంతిని కూడా లెక్కచేయకుండా వెలుగుతూనే ఉన్నాడు. మా వాడు వేలు చూపించి చెబితే, మేనేజరు ఏమాత్రం తడబడకుండా "అది కూడా చూపిస్తాం సార్" అన్నాడు.

వీటన్నిటి కన్నా నాకు ఎక్కువ కోపం తెప్పించింది చలిమంట. చుట్టూ మోకాలెత్తు ఎండుగడ్డి, కంచెకు అవతల రాలిన ఆకులు పరుపులా ఉన్నాయి. గాలికి నిప్పురవ్వలు ఎగిరి ఆ కంచె దాకా పోతుంటే, పక్కన ఒక బకెట్ నీళ్ళు కూడా లేవు. మా బావమరిది కుర్చీలోంచి లేచి నిలబడి, ఇంక కూర్చోలేదు. 2018 నవంబరులో పారడైజ్ అనే ఊరు కాలిపోయి 85 మంది చనిపోయినప్పుడు, దాని పొగ శాక్రమెంటో దాకా కమ్ముకుని బడులు మూతపడిన రోజులు అతను చూశాడు. నేటికీ ప్రతి వేసవిలోనూ పాస్‌పోర్టులు, మందులు, రెండు జతల బట్టలు సర్దిన సంచి అతని ఇంట్లో తలుపు పక్కనే ఉంటుంది. అతను మేనేజరుతో గొడవ పడలేదు. వంటింటి వెనక నుంచి రెండు బిందెల నీళ్ళు మోసుకొచ్చి తానే మంట ఆర్పేశాడు. మర్నాడు ఉదయం నా 2,000 నాకు తిరిగి ఇమ్మంటే, మళ్ళీ వచ్చినప్పుడు పది శాతం తగ్గిస్తామన్నారు. మేము అచ్చంపేట వైపు ఫలహారానికి పోతుండగానే, ఐదు నక్షత్రాల రేటింగ్ ఇవ్వండి అని ఫోనుకు సందేశం వచ్చింది. రాత్రి మాకు సరిగ్గా కనబడినవి కూడా అన్నేనని మా ఆవిడ లెక్క.

అందరి మనసూ పాడై, తిరిగి ఇంటికి పోదామా అనుకుంటుండగా, నా సహోద్యోగి ఒకాయన ఫోనులో వటవర్లపల్లిలో తనకు తెలిసిన ఇల్లు ఉందని చెప్పాడు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం రహదారి మీదే, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉన్న ఊరు అది. ఇంటాయన వేసవి నెలల్లో అటవీ శాఖ వారి దగ్గర ఫైర్ వాచర్‌గా పని చేస్తాడు. ఒక గది, దాని పైన మిద్దె. గదికి 1,000, భోజనం మనిషికి 120. పుంటికూర పప్పు, జొన్నరొట్టె, ఎండుమిరప కారం పెట్టారు. చివర్లో వేయించిన ఇప్పపువ్వు, నువ్వులు, బెల్లం కలిపి దంచిన ముద్దలు చేతిలో పెట్టారు. ఆ ముద్దలో మొదట పొగ వాసన, తరువాత కిస్మిస్ వంటి తీపి, ఆఖరున కొద్దిగా వగరు తెలుస్తాయి. మా ఆవిడ మూడు తిని, పొట్లం కట్టి ఇమ్మని కూడా అడిగింది.

ఇక్కడ అడవి అంటుకోవడానికి మెరుపులు, పిడుగులు అక్కరలేదని ఇంటాయన చెప్పాడు. మార్చిలో ఇప్పపువ్వు రాలుతుంది, దాన్ని ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. తునికి చెట్టుకు లేత ఆకు రావాలని కొందరు, పశువులకు కొత్త గడ్డి మొలవాలని మరికొందరు కాలుస్తారు. వీటికి తోడు, ఉగాదికీ శివరాత్రికీ శ్రీశైలం వెళ్ళేవారు కార్లోంచి విసిరే బీడీలు, సిగరెట్లు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలు పట్టిన మంటల సమాచారాన్ని బీట్ అధికారుల ఫోన్లకు పంపుతుంది, అక్కడి నుంచి వాచర్లకు కబురు వస్తుంది. వీపు మీద మోసుకుపోయే బ్లోయరుతో ఆకులను ఊది దారి చేస్తే, మంట ఆ దారి దాకా వచ్చి ఆగిపోతుంది. బ్లోయరు లేనిచోట పచ్చికొమ్మలే ఆయుధం. వాకిట్లో గోడకు ఆనించిన ఆ బ్లోయరును, దాని పట్టీలు చెమటకు తెల్లగా ఉప్పు పట్టి ఉండడాన్ని మా వాడు చాలాసేపు చూశాడు.

పులుల కోసం ఆ రహదారి మీద రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా రెండు వైపులా చెక్‌పోస్టుల గేట్లు మూసి రాకపోకలు నిలిపివేస్తారు. ఎనిమిదిన్నర దాకా ఉగాది ఉత్సవాలకు పోయే బస్సులు, కార్లు హారన్లు కొడుతూ ఒకదాని వెనక ఒకటి పరుగెత్తాయి. తొమ్మిది దాటాక ఎవరో కుళాయి కట్టేసినట్టుగా రోడ్డు ఆగిపోయింది. పది నిమిషాలకు కరెంటు కూడా పోయింది. మేము మిద్దె మీద చాపలు పరుచుకుంటున్నవాళ్ళం అలాగే నిలబడిపోయాము. ఎవరి ముఖమూ ఎవరికీ కనబడడం లేదు. తల పైకెత్తితే, ఎప్పుడూ చూసే నక్షత్రాల మధ్య ఖాళీలు అనుకున్నవి ఖాళీలు కావని తెలిసింది.

ఇంటావిడ మిద్దె మెట్ల మీద కూర్చుని, పడమట కొండ మీదకు వాలుతున్న కృత్తికలను పిల్లలకోడి అనీ, మృగశిర మధ్యలోని మూడు చుక్కలను గొల్లకావడి అనీ, ఈశాన్యాన పైకి లేచిన సప్తర్షులను మంచపుకోళ్ళు, అంటే మంచం కాళ్ళు, అనీ చూపించింది. ఫోనులోని యాప్ తీసి పేర్లు చెప్పబోయిన మా వాడు దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆ మంచపుకోళ్ళ కింద, ఉత్తరపు కొండ వాలున, ఎర్రటి గీత ఒకటి కనబడింది.

ముందు వాసన వచ్చింది, తరువాత వెదురు గణుపులు పగిలే చప్పుడు, దూరంగా టపాకాయలు పేలుతున్నట్టు. ఇంటాయన ఫోను మోగింది. ఆయన చొక్కా వేసుకుని, బ్లోయరు తగిలించుకుని, మరో ఇద్దరితో బండి మీద వెళ్ళిపోయాడు. మా బావమరిది కారు తాళం చేతిలోకి తీసుకుని, "వెంటనే పోదాం బావా" అన్నాడు. గేట్లు మూశారు, అత్యవసరమైతే తెరుస్తారు కానీ ముందు ఇంటావిడను అడుగుదామన్నాను. ఆమె నిమ్మళంగా, "ఇది కింది మంట సారూ. చెట్టెక్కదు. ఆకులైపోతే అదే సల్లబడ్తది" అంది. ఆమె మాటలో నిజముంది. కాలిఫోర్నియాలో పైన్ చెట్ల కొసలు పట్టుకుని పరుగెత్తే మంట వేరు, ఇక్కడ ఆకురాలు అడవిలో నేల మీద మోకాలెత్తున పాకే మంట వేరు. అయినా అతను గంటసేపు మిద్దె అంచున నిలబడి, కొండ మీది ఒక చెట్టును గుర్తు పెట్టుకుని, ఆ గీత దాన్ని దాటిందా లేదా అని చూస్తూనే ఉన్నాడు. అటువైపు నుంచి బూడిద రేకులు ఒకటీ అరా మా దుప్పటి మీద వాలాయి. వేలితో తాకితే పొడి అయిపోయాయి.

పదకొండు దాటాక గీత మూడు ముక్కలైంది. పన్నెండున్నరకు దక్షిణాన, చాచిన చేతి పిడికిలి కన్నా కొంచెం ఎత్తున, త్రిశంకు నక్షత్రాలు నాలుగూ గాలిపటం ఆకారంలో నిలబడ్డాయి. అవి శాక్రమెంటో నుంచి ఎన్నడూ కనబడవు. సాయంత్రం నైరుతిలో చూసిన అగస్త్యుడూ అంతే, అక్కడ దిగంతం దాటి పైకి రాడు. ఈ మాట చెప్పాక బావమరిది తాళం జేబులో వేసుకుని, చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. స్వాతి నడినెత్తికి వచ్చేవేళకు ఇంటాయన మసి ముఖంతో తిరిగి వచ్చి, స్నానం కూడా చేయకుండా అరుగు మీద నిద్రపోయాడు. మూడు గంటలకు ఆగ్నేయాన తేలు తోక మీదుగా పాలపుంత లేచింది. మొదట దాన్ని పొగ అనుకుని మా ఆవిడ నన్ను తట్టి లేపింది.

వెళ్ళదలచినవారికి నా సలహా ఇది. అమావాస్యకు అటూఇటూ మూడు రోజులు చూసుకోండి, రెండు గేట్లకు మధ్య ఉన్న ఊళ్ళో బస దొరికితేనే వెళ్ళండి, ఎనిమిది లోపు చేరండి. వీక్షణానికి విడిగా డబ్బు అడిగేవారిని, దీపాలు ఎన్ని గంటలకు ఆర్పుతారని ముందుగా అడగండి. వేసవిలో చలిమంట వేసేచోట ఉండకండి. టెలిస్కోపు అక్కరలేదు, ఒక బైనాక్యులర్ చాలు. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, కళ్ళు చీకటికి అలవాటు పడడానికి అరగంట పడుతుంది.

ఉదయం లెక్క 1,480 అయింది. నేను 2,000 ఇస్తే ఇంటాయన 500 నోటు తిరిగి ఇచ్చి, ఇరవై చిల్లర లేదని నొచ్చుకున్నాడు. కారు అద్దం మీద సన్నని బూడిద పొర కట్టి ఉంది. మన్ననూరు చేరి ఫోనుకు సిగ్నల్ రాగానే మా వాడు నాసా వారి మంటల పటం తెరిచాడు. ఉపగ్రహం అటుగా పోయేది రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో. వటవర్లపల్లికి ఉత్తరాన ఒకే ఒక్క ఎర్ర చుక్క ఉంది, అది రెప్ప వేయడం లేదు.