స్క్రామ్ 411కి 21 అంగుళాల ముందు చక్రం: 22 వేల కిలోమీటర్ల తర్వాత

నా రాయల్ ఎన్‌ఫీల్డ్ స్క్రామ్ 411 బండికి కంపెనీ ఇచ్చిన 19 అంగుళాల ముందు చక్రం తీసేసి, అదే కంపెనీ హిమాలయన్ 411 బండి 21 అంగుళాల ముందు చక్రం వేయించి 22 వేల కిలోమీటర్లు తిరిగాను. ఇంజన్, మైలేజీ, సీటు గురించి అందరూ చెప్పేశారు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది హ్యాండిల్ గురించి. మారేడుమిల్లి దాటాక ఘాట్‌లో తారు లేచిపోయి కంకర తేలిన మలుపులుంటాయి కదా, పాత 19 చక్రంతో అక్కడ హ్యాండిల్ చేతుల్లో ఎగిరెగిరి పడేది, సాయంత్రానికి మణికట్లు లాగేసేవి. ఇప్పుడూ అదే రోడ్డు, అదే లోడు, కానీ హ్యాండిల్ నిలకడగా ఉంటోంది. నాకైతే ఈ ఒక్క సుఖం చాలు, మిగతా తిప్పలన్నీ దీని కోసమే పడుతున్నాను.

మాది రాజమండ్రి. సోలార్ పంపుల సర్వీసు పని, వారంలో మూడు రోజులు ఏజెన్సీ కొండ ఊళ్లలోనే. వెనక రెండు పెట్టెల్లో సామాను, పైన టూల్ బ్యాగు. చక్రం సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. బ్రేకు డిస్కు రెండు బళ్లకీ 300 ఎంఎంయే, నా బండికి కోతలు, వెల్డింగు లేకుండా కూర్చుంది. మడ్‌గార్డ్ మాత్రం టైరుకి రాసుకుంటుంటే వాషర్లు వేసి పైకి లేపించాం. అయినా వానాకాలం ఎర్రమట్టి అందులో ఇరుక్కుంటుంది, పుల్లతో తీసుకోవాలి. టైరు 100/90-19 నుంచి 90/90-21కి మారితే వ్యాసం సుమారు 663 మిల్లీమీటర్ల నుంచి 695 అవుతుంది, అంటే బండి ముందు భాగం 16 మిల్లీమీటర్లు లేస్తుంది. సైడ్ స్టాండ్ మీద మరీ ఒరుగుతోందని అడుగున చిన్న ఇనప బిళ్ల అతికించాను. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసేది) హెచ్చరిక లైటు వెలుగుతుందేమోనని మొదటి వారమంతా టెన్షన్ పడ్డాను, ఇప్పటిదాకా వెలగలేదు.

మార్చిన కొత్తలో కనిపించిన ప్రతివాడికీ "గుంతలు అసలు తెలియట్లేదురా" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం తగ్గించుకోవాలి. ఒకరోజు కాగితం మీద లెక్కేసి చూశాను. ముప్ఫై సెంటీమీటర్ల వెడల్పున్న గుంతలో పాత చక్రం 36 మిల్లీమీటర్ల దాకా దిగితే, కొత్తది 34 దిగుతుంది. రెండు మిల్లీమీటర్లే తేడా! ఇంకో సంగతి, చక్రం మార్చిన రోజే స్టీరింగ్ కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) కూడా మార్పించాను, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే షాక్ గొట్టాలు) ఆయిల్ కూడా కొత్తది పోయించాను. పాత కోన్‌సెట్‌లో గుంట పడి ఉంది, హ్యాండిల్ నడిమధ్యకి వస్తే టక్కున పట్టేసేది. కాబట్టి గుంతల్లో మెత్తదనం చాలావరకు వీటి పుణ్యమే అయ్యుండాలి. మరి చక్రం ఇచ్చిందేమిటంటే, హ్యాండిల్ తిరిగే ఇరుసు వాలుగీతను కిందికి పొడిగిస్తే నేలను ఒకచోట తాకుతుంది, టైరు దానికి కాస్త వెనక తాకుతుంది, ఆ మధ్య దూరాన్నే ట్రెయిల్ అంటారు. ముందు చక్రం పెద్దదై, ముందు భాగం లేచేసరికి ఆ దూరం పెరిగింది. రాయి తగిలి చక్రం పక్కకి తిరగబోతే దాన్ని మళ్లీ తిన్నగా లాగేది అదే. ఏడాది తర్వాత ఫోర్క్ ఆయిల్ పాతబడి కుదుపులు మళ్లీ తెలిసొచ్చాయి గానీ హ్యాండిల్ నిలకడ మాత్రం పోలేదు. అందుకే ఆ మెప్పు చక్రానికే ఇస్తాను.

ఇక అసలు దెబ్బ. జూలైలో సీలేరు నుంచి ధారకొండ వైపు వస్తున్నాను, పొద్దున్నుంచీ ముసురు. రాళ్ల మీద మెత్తగా పోతుందని ముందు టైరులో గాలి 20 పీఎస్‌ఐకి దించాను, అది నా తప్పే. గాలి తక్కువైతే బ్రేకు పడ్డప్పుడల్లా టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా జరుగుతుంది, దాంతోపాటు ట్యూబు జరుగుతుంది, వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలోనే ఉండిపోతుంది. నాలుగైదు రోజులుగా వాల్వు ఒక పక్కకి ఒరిగి కనిపిస్తూనే ఉంది, నేను పట్టించుకోలేదు. ఒక కల్వర్టు దగ్గర ఒక్కసారిగా గాలంతా పోయింది. చక్రం విప్పి చూస్తే వాల్వు ట్యూబుకి అతికే చోట చిరిగింది. అక్కడ చిరిగితే ప్యాచ్ అంటదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఇంజన్ కింద రాళ్లు పేర్చి బండిని నిలబెట్టి, చక్రం భుజాన వేసుకుని అరగంట నిలబడితే ఒక బొలేరో ఆగింది. సీలేరు తీసుకెళ్లి పంక్చర్ షాపు ముందు దింపారు.

షాపాయన పెద్దాయన. చక్రాన్ని ఒకసారి తిప్పి చూసి, "ఈ సైజు ఇక్కడెక్కడా దొరకదు బాబూ, నర్సీపట్నంలో ఉంటే ఉండాలి" అన్నాడు. గోడకి వేలాడుతున్న వాటిలో 17, 18, ఒక బుల్లెట్ ట్యూబు ఉన్నాయి. బుల్లెట్‌ది 19. నా పాత చక్రమే ఉండుంటే ఆ ట్యూబు అలాగే ఎక్కేసేది, నేను గంటలో బయలుదేరేవాణ్ణి. ఆ గోడ వైపు చూస్తుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఆయన ఆ 19 ట్యూబులోనే కొంచెం గాలి కొట్టి, రెండు చేతులతో చుట్టూ సాగదీశాడు. పౌడరు రాశాడు, ఒక్క మడత కూడా పడకుండా వేలితో లోపలంతా తడుముకుంటూ వచ్చాడు. వాల్వు నిటారుగా ఉందో లేదో మూడుసార్లు చూశాడు. "గాలి 25 కంటే తగ్గించకు, స్పీడు వెళ్లకు, ఇంటికెళ్లాక తీసెయ్" అని చెప్పి, అంత పనికీ ట్యూబు ధర, బిగింపు కూలీ తప్ప పైసా ఎక్కువ తీసుకోలేదు. ఆ సాగదీసిన ట్యూబుతోనే చింతపల్లి, అక్కణ్ణుంచి నర్సీపట్నం. అక్కడా 21 లేదు. రాజమండ్రి చేరి, కొత్త ట్యూబు వచ్చేదాకా తొమ్మిది రోజులు దాని మీదే తిరిగాను, చుక్క గాలి దిగలేదు. ఎవరినీ అలా తిరగమని చెప్పను, నాకు వేరే దారి లేకపోయింది. తర్వాతి ట్రిప్పులో రెండు 21 ట్యూబులు పట్టుకెళ్లి ఆయన షాపులో పెట్టి వచ్చాను. అప్పట్నుంచి బండిలో కూడా ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

హైవే మీద తేడా లేదని కూడా మార్చిన కొత్తలో అందరితో అన్నాను, అదీ పూర్తిగా నిజం కాదు. ఎనభై దాకా బాగుంటుంది. తొంభై దాటాక పక్కగాలి కొడితే, వెనక పెట్టెలు నిండుగా ఉంటే, ముందు తేలికగా అనిపిస్తుంది. టైరు సన్నబడింది కదా, తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పట్టినప్పుడు మునుపటి ధైర్యం లేదు, దూరం పాటిస్తున్నాను. కోటిపల్లి బస్టాండ్ దగ్గర ట్రాఫిక్‌లో యూ టర్న్ తీసుకోవాలంటే హ్యాండిల్ బరువనిపిస్తుంది. మా ఆవిడ వెనక కూర్చుంటే ఇంకానూ. కానీ గోదావరి మీద రోడ్డు కం రైలు వంతెన అతుకుల దగ్గర మాత్రం పాత చక్రంతో భుజాల దాకా వచ్చే దెబ్బ ఇప్పుడు మోచేతుల దగ్గరే ఆగిపోతోంది. అందులో ఫోర్క్ ఆయిల్ వాటా ఎంతో మరి.

నాలాగా ఏజెన్సీ రోడ్లే సగం బతుకు అయినవాళ్లు, ట్యూబు సొంతంగా మార్చుకోగలవాళ్లు, ఎత్తు ఐదు అడుగుల ఆరు అంగుళాలకు తగ్గనివాళ్లు వేయించుకోవచ్చు అనుకుంటున్నాను. నెలకోసారి హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లయితే ఉన్నదే ఉంచుకుని ముందు కోన్‌సెట్ చూపించండి, సగం బాధ అక్కడే తీరిపోవచ్చు. రంపచోడవరం నుంచి కొయ్యూరు మీదుగా లంబసింగి, పాడేరు వైపు 516ఈ హైవే పనులు చేస్తున్నారు. అది పూర్తయితే నా తిరుగుడు కూడా మంచి రోడ్డు మీదకి మారుతుందేమో. పాత 19 చక్రాన్ని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాను, అమ్మలేదు.