గుడిస కొండ మీద మాకు దక్కకుండా పోయిన సూర్యోదయం

మారేడుమిల్లి దాటాక ఉండే గుడిస గడ్డికొండకి వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు ఈ ఒక్క మాట వినండి. రూమూ జీపూ కలిపి ఒకరి దగ్గరే మాట్లాడుకోకండి. మేం మాట్లాడుకున్నాం. జీపుకే 4,500 ఇచ్చి, ఏ సూర్యోదయం కోసం మూడు వారాలు ఎదురుచూశామో అదే పోగొట్టుకున్నాం. ఇంటికొచ్చి వారమైనా నా కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

మాది అమలాపురం పక్కన పల్లె. మా చేలల్లో గునపం ఎంత లోతుకి దింపినా రాయి తగలదు, అంతా గోదావరి తెచ్చి పోసిన మట్టే. మాకు తెలిసిన ఎత్తల్లా ఏటిగట్టు. ఇంటర్ పరీక్షల టెన్షన్ మొదలయ్యేలోపు ఒక్క కొండైనా కొస దాకా నడిచి ఎక్కాలని మా అమ్మాయి పట్టుబట్టింది. మా ఆయన అన్నవరం అన్నారు. రత్నగిరి పైదాకా కారే వెళ్ళిపోతుంది. సత్యదేవుడి దర్శనానికి ఎన్నిసార్లయినా వెళ్తాం గానీ, పిల్ల అడిగింది అది కాదు. పట్టిసీమ అనుకున్నాం. పడవ దిగి దేవకూట పర్వతం ఎక్కడం మొదలుపెట్టేలోపే వీరభద్రస్వామి గుడి వచ్చేస్తుంది. చివరికి మారేడుమిల్లి దాటాక వచ్చే గుడిస దగ్గర ఆగాం.

మా బాబాయ్ కూడా వస్తానన్నారు. ఆయనకి 67 ఏళ్ళు, కొబ్బరి రైతు. ఈ వయసులో ఎందుకని మా ఆయన మొహమాటపడుతూనే అన్నారు. బాబాయ్ జవాబు చెప్పలేదు. మర్నాడు తెల్లారేసరికి బూట్లు వేసుకుని గోదావరి పాయ వైనతేయ గట్టు మీద నడుస్తున్నారు. మేమూ వెనక పడ్డాం. మూడు వారాలు రోజూ గంట నడక. మధ్యలో ఒక ఆదివారం కోరుకొండ వెళ్ళి నరసింహస్వామి మెట్లెక్కాం. ఆరువందలకు పైగా ఉన్న నిలువు మెట్లు. నాకు సగంలోనే పిక్కలు పట్టేశాయి. బాబాయ్ రెండుసార్లు కూర్చుని పైకొచ్చేశారు. మాలాంటి పల్లపు ప్రాంతం వాళ్ళు పెద్దకొండకి వెళ్ళేముందు కోరుకొండ ఒకసారి ఎక్కి చూసుకోవాలి. మోకాళ్ళ సంగతి అక్కడే తేలిపోతుంది, పైన స్వామి దర్శనమూ అవుతుంది.

అర్ధరాత్రి బయల్దేరి మర్నాడు రాత్రికి ఇంటికి చేరిపోదామని మా ఆయన లెక్క. నేను ఒప్పుకోలేదు. ఇంటి నుంచి మారేడుమిల్లికే నూట యాభై కిలోమీటర్లు, అక్కడి నుంచి గుడిసకి మరో నలభై దాకా. నిద్రలేని కళ్ళతో రంపచోడవరం దాటాక ఆ మలుపుల్లో కారు నడపడం ప్రమాదం. గురువారం మధ్యాహ్నం బయల్దేరాం. రావులపాలెం, జొన్నాడ వంతెన, రాజమండ్రి, గోకవరం. చీకటి పడకముందే మారేడుమిల్లి చేరిపోయాం.

ఇక లాడ్జి. పేరు రాయను. రెండు రూములు, ఒక్కోటి 1,800. కిటికీకి ఒక అద్దం లేదు, ఆ ఖాళీలో పాత పేపర్లు కుక్కారు. దుప్పట్లు ముట్టుకుంటే చెమ్మ. వేడినీళ్ళు బకెట్‌కి 50. ఇవన్నీ సర్దుకుపోదాం అనుకున్నాం. మేనేజర్ మాత్రం చాలా తియ్యగా మాట్లాడాడు. "బయట జీపులు నమ్మకం కాదండి, మనదైతే నాలుగింటికల్లా గుమ్మం ముందుంటుంది" అన్నాడు. 4,500 మొత్తం రాత్రే కట్టించుకున్నాడు.

మూడున్నరకి లేచాం. నాలుగైంది, జీపు లేదు. నాలుగున్నరకి ఫోన్ చేస్తే దారిలో ఉందన్నాడు. ఐదింటికీ అదే మాట. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. అమ్మాయి స్వెట్టరూ మఫ్లరూ వేసుకుని మెట్ల మీద కూర్చుంది. మా కళ్ళ ముందే వేరే జీపులు వరసగా వెళ్ళిపోయాయి. తూర్పున ఎర్రబడుతుంటే అమ్మాయి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఏడవలేదు గానీ ఏడ్చినా బాగుండు అనిపించింది.

8:40కి జీపొచ్చింది. టైరు పంక్చరైందని చెప్పాడు డ్రైవర్. నేను ఎక్కబోతూ బోనెట్ మీద చెయ్యి వేశాను, కాలిపోతోంది. వెనక సీటు కింద చంటిపిల్లల మంకీ క్యాప్ ఒకటి పడుంది. కాళ్ళ దగ్గర పట్టా నిండా గడ్డి ముళ్ళు గుచ్చుకుని ఉన్నాయి, ఇంకా మంచు తడి ఆరలేదు. మా జీపు అప్పటికే ఇంకెవరినో గుడిసకి తీసుకెళ్ళి, సూర్యోదయం చూపించి దింపేసింది! క్యాప్ ఎవరిదని అమ్మాయి అడిగితే ఆ కుర్రాడు తల దించుకున్నాడు. "మేనేజర్ చెప్పినట్టు చేస్తానమ్మా, నాకు రోజు కూలీ" అన్నాడు. అతన్ని ఏమీ అనబుద్ధి కాలేదు. "పోనీలే, కొండ ఎక్కడికీ పోదుగా" అని మా ఆయన నచ్చజెప్పబోతే ఆయన మీద విసుక్కున్నాను. దారిలో చాలాసేపు ఎవరం మాట్లాడుకోలేదు.

పుల్లంగి దాటాక మట్టీ రాళ్ళూ కలిసిన దారి. మామూలు కారుతో ప్రయత్నించకండి. గడ్డి మొదలయ్యే మలుపు దగ్గర "ఆపు బాబూ, ఇక్కడి నుంచి నడుస్తాం" అన్నారు బాబాయ్. అందరూ పైదాకా జీపులోనే వెళ్తారటగానీ మేం దిగిపోయాం. ఆ రోజు బాగుపడింది అక్కడే.

అమ్మాయి ఫోన్ లెక్క ప్రకారం 3.6 కిలోమీటర్లు, మాకు గంటన్నర పట్టింది. పక్కన మోకాళ్ళెత్తు గడ్డి, గాలి వీస్తే కొండంతా ఒక్కసారి ఒంగి లేస్తుంది, మా వరిచేలు ఈనేటప్పుడు కదిలినట్టు. చెట్ల నీడ లేదు. టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తప్పనిసరి. పైకి చేరేసరికి మంచు విడిపోయింది, మేఘాలు లేవు. కొండల వెనక కొండలు, చూపు ఆగే చోటే లేదు. ఒక్క కొబ్బరి చెట్టు లేని చోటు బాబాయ్ జన్మలో చూసి ఉండరు. దక్షిణం వైపు తిరిగి, "అటేనా మన ఊరు?" అని అడిగి చాలాసేపు అలాగే నిలబడ్డారు. అమ్మాయి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. పొద్దుటి నుంచి అది నవ్వడం అప్పుడే చూశాను.

దిగాక డ్రైవర్ కుర్రాడే, పొద్దున జరిగినదానికి బాధపడ్డాడేమో, తనకి తెలిసిన కొండరెడ్ల ఇంటికి తీసుకెళ్ళాడు. ఆ ఇంటి పెద్దావిడ చోడి (రాగి) అంబలి పోసింది. కాస్త పులిసి, చల్లగా, నంజుకోవడానికి నిప్పుల మీద కాల్చి ఉప్పేసి నూరిన పచ్చిమిరపకాయ. ఎండలో నడిచొచ్చిన గొంతులోకి అది దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. మా అమ్మమ్మ చేతి అంబలి చిన్నప్పుడు తాగాను, మళ్ళీ ఇదే. డబ్బు వద్దంది. పిల్లల కోసమని బతిమాలితే 300 తీసుకుంది. ముందు రాత్రి తిన్న బొంగులో చికెన్ గురించి అందరూ గొప్పగా చెబుతారు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిముక్కలు కూరి, ఆకుతో మూతి బిగించి, నూనె చుక్క లేకుండా నిప్పుల మీద కాలుస్తారు. బాగానే ఉంది. నాకైతే అంబలి తర్వాతే అది.

సాయంత్రం లాడ్జిలో గొడవ పెట్టుకున్నాను. "ఈ ఏజెన్సీ కొండల్లో ఇంతేనండి" అన్నాడు మేనేజర్. మంకీ క్యాప్ బల్ల మీద పెట్టాను. 1,000 తిరిగిచ్చాడు. మొత్తం ఇమ్మని అడగాల్సింది, అప్పటికే మా ఆయన కారు స్టార్ట్ చేసేశారు.

మొత్తం లెక్క: పెట్రోలు 2,450, రూములు 3,600, జీపు 3,500, రాత్రి భోజనం 1,160, టిఫిన్లు 240, అంబలి ఇంట్లో 300, వేడినీళ్ళు 200, గేటు పార్కింగ్ వగైరా 350. నలుగురికి కలిపి 11,800.

వెళ్ళేవాళ్ళు ముందురోజు సాయంత్రమే జీపు డ్రైవర్‌తో నేరుగా మాట్లాడండి. సగమే ఇవ్వండి, మిగతాది కొండ దిగాక. కార్తీకమాసం శనాదివారాలు వద్దు, జనం కిక్కిరిసిపోతారు. వానల్లో అసలే వద్దు, ఆ మట్టిదారి జారుతుంది. మారేడుమిల్లి దాటాక మా ఫోన్లలో సిగ్నల్ లేదు, నగదు దగ్గర ఉంచుకోండి. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి దోమల క్రీమ్ మర్చిపోవద్దు.

బాబాయ్ గట్టు మీద నడక ఇంకా మానలేదు. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ వెళ్దామంటున్నారు, ఈసారి చీకటి ఉండగానే ఎక్కాలట. జీపు నేనే మాట్లాడతానని చెప్పాను.