వావిలాకు తైలం: నూనె బానే ఉంది, మూతే దరిద్రం

రాజమండ్రిలో ఒక ఆయుర్వేదం షాపులో కొన్నానండి, 100 ఎంఎల్ 180 రూపాయలు. మా కోనసీమలో కాలవ గట్ల మీద వావిలి పొదలు ఊరికే పెరుగుతాయి కదా దానికి డబ్బులేంటని మా అత్తగారు ఒకటే గోల, కానీ ఆకు దంచి రసం తీసి నువ్వుల నూనెలో పోసి నీరంతా ఇగిరేదాకా సన్నసెగ మీద కాచే ఓపిక ఇప్పుడెవరికుందండి. వాసన మాత్రం అసలుదే, ఆకు నలిపితే వచ్చే ఆ ఘాటు మూత తీయగానే ముక్కుకి కొడుతుంది, సెంటు గింటు ఏం కలపలేదు. ఊడుపులప్పుడు నడుం పట్టేస్తే గోరువెచ్చగా చేసి రాత్రి మర్దనా చేయించుకున్నా, పొద్దున్నకి కాస్త లూజైంది. అంతవరకే, మోకాళ్ళ అరుగుదల పోతుందని లేబుల్ మీద రాసింది నమ్మకండి. ఆ లేబుల్ మీద బొమ్మ ఇంకా దారుణం, వావిలి పువ్వంటే నీలం ఊదా కలిసినట్టు చిన్న చిన్న గుత్తులు, వీళ్ళేమో ఏదో పసుప్పచ్చ పువ్వు వేశారు! మూత అస్సలు బిగుసుకోదు, బస్సులో కారిపోయి సంచీ అంతా జిడ్డు, కొత్త చీర పాడైంది. బాలింత స్నానానికని అడిగేవాళ్ళకి, నూనె వద్దండి, పచ్చాకు వేసి మరగబెట్టిన నీళ్ళే మేలు. 5కి 3 ఇస్తున్నా, సీసా మారిస్తే 4.