లెగో లంబోర్గిని సియాన్: 3,696 ముక్కలు, మూడు ఆదివారాలు, ఒక జామ్ అయిన గేర్‌బాక్స్

డబ్బా మీదే 18 ప్లస్ అని రాసుంటది, అయినా మా అక్క కొడుకు "మామా నేను కూడా చేస్తా" అని వచ్చి కూర్చున్నాడు, గంట తిరిగేసరికి వాడు ఫోన్‌లో, నేను 3,696 ముక్కల మధ్యలో. లెగో టెక్నిక్‌లో (గేర్లు, పిస్టన్లు నిజంగా కదిలే లెగో రకం) 2020లో వచ్చిన లంబోర్గిని కారు సియాన్ ఎఫ్‌కేపీ 37 మోడల్ ఇది, సెట్ నంబర్ 42115, అసలు కారులో ఎనిమిదో వంతు సైజు. అసలు కార్లు చేసిందే 63, మన మొహానికి ఇదే సియాన్.

ముక్కలు వేరు చేసుకోడానికి ఇడ్లీ ప్లేట్లు సూపర్, ముక్కల్ని ఒకదానికొకటి కలిపే నల్ల పిన్నులు ఒక గుంటలో, నీలం పొడుగువి ఇంకో గుంటలో (పొద్దున అమ్మ ఇడ్లీ ప్లేట్ల కోసం ఇల్లంతా వెతికింది, అది వేరే కథ). నల్ల పిన్ను గట్టిగా పట్టుకుంటది, బూడిద రంగుది లూజుగా తిరుగుతది, అందుకే తిరగాల్సిన చోట నల్లది పెట్టొద్దు.

అసలు మజా అంతా గేర్‌బాక్స్‌లోనే. 8 స్పీడ్ సీక్వెన్షియల్, అంటే ఎనిమిది గేర్లు వరసగా ఒకదాని తర్వాత ఒకటే పడతాయి, స్టీరింగ్ వెనకున్న ప్యాడిల్ (చిన్న మీట) నొక్కితే గేరు మారుతది, వెనక వి12 ఇంజిన్‌లో 12 పిస్టన్లు కిందికీ పైకీ ఆడతాయి. నేనేం చేశానంటే గేర్లు మార్చే చిన్న తిరుగుడు ముక్క ఒకటి 90 డిగ్రీలు తిప్పి పెట్టేశా, చూసుకోలేదు, అలాగే ముందుకెళ్లిపోయా, తీరా చక్రం తిప్పితే రెండు గేర్లు ఒకేసారి పట్టుకుని బిగుసుకుపోయింది, ఒక ఆదివారం మొత్తం విప్పుడుకే సరిపోయింది. మీరు మాత్రం బాడీ ఎక్కించకముందే ప్రతి గేర్లో వెనక చక్రాలు చేత్తో తిప్పి చూసుకోండి, చక్రం అదే స్పీడులో తిప్పుతుంటే పై గేరుకి పోయేకొద్దీ పిస్టన్లు నెమ్మదించాలి, అలా కాలేదంటే ఎక్కడో తేడా కొట్టినట్టే. ఒక్కసారి సీట్లు, పచ్చ ప్యానెల్స్ పడ్డాయా, ఆ గేర్లు మళ్లీ కనపడవు, అదొక్కటే నాకు బాధ, అంత కష్టపడి చేసింది ఎవడికి చూపించాలి?

బాడీ పని త్వరగానే అయిపోతది, కొంచెం బోర్ కూడా. కానీ కత్తెరలా పైకి లేచే డోర్లు, బంగారు రంగు రిమ్ములు చూస్తే మాత్రం వచ్చినోళ్లంతా ముట్టుకోకుండా పోరు. మోటార్ లేదు, చేత్తో తోసుకోవడమే, అది కొనేముందే తెలుసుకోండి.

గేర్లంటే పిచ్చి ఉన్నోళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. షోకేసులో పెట్టుకోడానికే అయితే నేనైతే వద్దంటా, ఆ డబ్బులకి రెడీమేడ్ మెటల్ మోడల్ ఇంకా నున్నగా వస్తది. అన్నట్టు పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 25, మా షోకేసులో అసలు పట్టలేదు. ఇప్పుడు ఫ్రిజ్ మీదుంది, దుమ్ము పడకుండా అమ్మ పాత తువ్వాలు కప్పింది.